సీసా మీద శాతం, గ్లాసులో గ్రాములు

"బీరే కదా, ఏమవుతుందిలే" అనే ముందు ఒక చిన్న లెక్క వేసి చూడండి. 500 మి.లీ. క్యాను, మీద 8 శాతం అని రాసి ఉంది. అందులో అచ్చమైన ఆల్కహాల్ 40 మి.లీ. ఆల్కహాల్ మి.లీ.కి 0.789 గ్రాములు తూగుతుంది కాబట్టి బరువులో 31.6 గ్రాములు. 40 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో ఉండేది 9.5 గ్రాములు. అంటే ఆ ఒక్క క్యాను మూడు పెగ్గుల పైచిలుకు. విస్కీ మూడు పెగ్గులు తాగినవాణ్ణి "ఇక చాలు" అని ఆపేవాళ్లే, ఆ క్యాను తాగినవాణ్ణి ఇంకోటి తీసుకోమంటారు.

కాలేయానికి సీసా రంగూ తెలియదు, పానీయం పేరూ తెలియదు. దానికి తెలిసింది గ్రాములే. కాబట్టి గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: మి.లీ. × శాతం ÷ 100 × 0.789. నోటి లెక్కకి 0.8 అనుకున్నా ఫర్వాలేదు, తేడా నూటికి ఒకటిన్నర కూడా ఉండదు. 330 మి.లీ. మామూలు బీరు 5 శాతంది అయితే 13 గ్రాములు. 13 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసు అయితే 15.4. అదే వైన్ 750 మి.లీ. సీసా మొత్తం ఖాళీ చేస్తే 77.

ఫోన్లలో వచ్చే యాప్‌లు "డ్రింకులు" లెక్కపెడతాయి. అక్కడే చిక్కు. ఒక డ్రింకు అంటే బ్రిటన్‌లో 8 గ్రాములు (వాళ్లు యూనిట్ అంటారు), ఆస్ట్రేలియాలో 10, అమెరికాలో 14. అమెరికా యాప్‌లో రెండు డ్రింకులంటే 28 గ్రాములు, బ్రిటన్ లెక్కలో అది మూడున్నర యూనిట్లు. యాప్ ఏ దేశం లెక్క వాడుతోందో చూడకుండా దాని అంకెల్ని నమ్మడం కంటే, గ్రాములు కాగితం మీద రాసుకోవడం నయం. హద్దు ఎంతో తెలుసుకోవాలంటే బ్రిటన్ 2016లో పెట్టిన సూచన ఒకటుంది: ఆడామగా ఎవరికైనా వారానికి 14 యూనిట్లు మించకూడదు, అంటే 112 గ్రాములు, అదీ ఒక్కరోజే కాకుండా మూడు రోజులకో అంతకంటే ఎక్కువకో పంచుకుని. అది హాని తక్కువ ఉండే హద్దు మాత్రమే. ఇంత తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదు అని చెప్పగలిగే మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

ఇక లేబుల్ సంగతి. శాతం అంటే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వంద మి.లీ. పానీయంలో ఎన్ని మి.లీ. ఆల్కహాల్ ఉందో ఆ అంకె. బరువు శాతం కాదు. ప్రూఫ్ (ఘాటు చెప్పే ఇంకో కొలమానం) అని ఉంటే అది ఎవరి ప్రూఫో చూసుకోవాలి. అమెరికా ప్రూఫ్ అయితే సగం చేస్తే శాతం వస్తుంది: 80 ప్రూఫ్ అంటే 40 శాతం. పాత బ్రిటిష్ పద్ధతిలో 100 డిగ్రీల ప్రూఫ్ అంటే 57.15 శాతం. అందులో 75 డిగ్రీలు తీసుకుంటే 42.8 వస్తుంది. కొన్ని సీసాల మీద కనిపించే ఆ వింత అంకె పుట్టిల్లు అదే. బ్రిటన్ 1980లోనే ఆ పద్ధతి వదిలేసింది గానీ అంకె మాత్రం అక్కడక్కడా మిగిలిపోయింది.

లేబుల్ మీది అంకె కూడా రాతిమీద గీత కాదు. యూరోపియన్ యూనియన్‌లో 5.5 శాతం దాకా ఉన్న బీరుకి అర శాతం అటూఇటూ, అంతకు మించిన బీరుకి ఒక శాతం, విస్కీ, వోడ్కాలాంటి స్పిరిట్లకి 0.3 శాతం తేడా అనుమతిస్తారు. అమెరికాలో 14 శాతం లోపు వైన్‌కి ఏకంగా 1.5 శాతం సడలింపు. అంటే 12.5 అని రాసిన వైన్ 14 ఉన్నా చట్టం దాటినట్టు కాదు. స్పిరిట్ల లేబుల్ మీద నమ్మకం ఉంచవచ్చు. వైన్ దగ్గర ఒక శాతం ఎక్కువే అనుకుని లెక్కేయండి. "ఆల్కహాల్ లేనిది" అన్న పానీయంలో చాలాచోట్ల 0.5 శాతం దాకా ఉండనిస్తారు. పూర్తిగా మానేసినవాళ్లు, గర్భిణులు ఆ చిన్న అక్షరాలు చదవాల్సిందే.

లేబుల్‌లో ఉండే తప్పు కంటే పోసే చేతిలో ఉండే తప్పు చాలా పెద్దది. పెగ్గు అన్న మాటకే నిలకడ లేదు: ఒకచోట 25 మి.లీ., ఒకచోట 30, ఒకచోట 35, అమెరికాలో 44, ఇంట్లో కంటికొలతతో పోస్తే ఎంతో దేవుడికే తెలియాలి. వెడల్పు గ్లాసులో ఎక్కువ పడుతుంది. పొడుగు గ్లాసులో అదే పరిమాణం పైకి కనిపిస్తుంది కాబట్టి చెయ్యి ముందే ఆగుతుంది. ఐసు ముందు వేసి తర్వాత పోస్తే మట్టం అసలే తెలియదు.

దీనికి వంటింటి డిజిటల్ కాటా చాలు. గ్రాము తేడా చూపించేదై ఉండాలి. ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేయండి, ఐసూ సోడా వేయకముందే మందు పోయండి. 40 శాతం స్పిరిట్ మి.లీ.కి 0.948 గ్రాములు తూగుతుంది. కాబట్టి 30 మి.లీ. అంటే 28 గ్రాములు చూపించాలి, 60 అంటే 57. వైన్‌నీ బీరునీ మి.లీ.కి ఒక గ్రాము అనుకోవచ్చు, తేడా నూటికి ఒకటికి అటూఇటూ. తీపి లిక్కర్లకి ఈ లెక్క కుదరదు, వాటిలో పంచదార బరువు కలుస్తుంది. వాటికి కొలగిన్నె వాడండి.

ఇదే కాటాతో ఇంకో పని చేయొచ్చు, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. మొదలుపెట్టే ముందు మూతతో సహా సీసా తూచి రాసుకోండి. పొద్దున లేచాక మళ్లీ తూచండి. 1,130 గ్రాములున్నది 960 అయితే 170 గ్రాములు తగ్గింది. 0.948తో భాగిస్తే 179 మి.లీ. 40 శాతం చొప్పున 57 గ్రాముల ఆల్కహాల్. "మూడు పెగ్గులే తాగాను" అన్న జ్ఞాపకానికి కాటా ఒప్పుకోదు, ఆరంటుంది.

కలిపి తాగితే శాతం తగ్గుతుంది, గ్రాములు తగ్గవు. 60 మి.లీ. విస్కీలో 180 సోడా పోస్తే 10 శాతం పానీయం అవుతుంది, లోపల మాత్రం అదే 19 గ్రాములు. ఐసు కరిగినా అంతే. పదిమందికి పెద్ద పాత్రలో కలిపేటప్పుడు వచ్చే పొరపాటు వేరు. 40 శాతం స్పిరిట్ 750 మి.లీ.లో పళ్లరసం 2,250 మి.లీ. పోస్తే మూడు లీటర్లు, 10 శాతం, 200 మి.లీ. గ్లాసుకి దాదాపు 16 గ్రాములు. లెక్క బాగానే ఉంది. కానీ తీపి రసం బరువు, స్పిరిట్ తేలిక. రసం పోసి పైన స్పిరిట్ వంచి కలపకుండా వదిలేస్తే అది పైనే తేలుతుంది. గరిటతో పైనుంచి తీసుకున్న మొదటి ఇద్దరికీ స్పిరిట్, చివరివాళ్లకి పళ్లరసం. అడుగుదాకా కలిపి పోయాలి, మధ్యలో స్పిరిట్ మళ్లీ జోడిస్తే లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి.

లేబుల్ లేని పానీయం అయితే కొలవక తప్పదు. ఇక్కడే జనం తప్పుడు పరికరం తప్పుడు పానీయంలో ముంచుతారు. ఆల్కహాల్ మీటర్ అనే గాజు తేలుడు గొట్టం ఉంటుంది, మీద 0 నుంచి 100 దాకా గీతలు. అది ఆల్కహాల్‌ని పసిగట్టదు. ద్రవం ఎంత పలచన అన్నదే దానికి తెలుసు. నీళ్లకంటే ఆల్కహాల్ తేలిక కాబట్టి ఆల్కహాల్ పెరిగేకొద్దీ గొట్టం లోతుకి దిగుతుంది. అంటే నీళ్లూ ఆల్కహాలూ తప్ప మరేమీ లేనప్పుడే అది నిజం చెబుతుంది. వోడ్కాలాంటి తీపిలేని తెల్ల స్పిరిట్లకి సరిపోతుంది. 12 శాతం తీపిలేని వైన్‌లో ముంచి చూడండి, 5 దగ్గర ఆగుతుంది. వైన్‌లో కరిగి ఉన్న పదార్థాలు ద్రవాన్ని బరువెక్కించి గొట్టాన్ని పైకి తోశాయి. తీపి లిక్కర్‌లో అయితే సున్నా గీత కూడా మునగదు. స్పిరిట్‌లోనైనా లీటరుకి 10 గ్రాముల పంచదార ఉంటే రీడింగ్ దాదాపు 2 శాతం తగ్గుతుంది. 40 రాసిన తీపి రమ్ములో 36 వచ్చిందని నీళ్లు కలిపారని అనేయకండి. లీటరుకి 20 గ్రాముల పంచదారైనా అలాగే చూపిస్తుంది.

కొలిచే తీరు ఇది. గొట్టం గోడలకి తగలకుండా తేలేంత వెడల్పూ పొడవూ ఉన్న జార్ తీసుకోండి. మీటర్‌ని సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి, తర్వాత పై కొసనే పట్టుకోండి. కాడకి చేతి జిడ్డు అంటితే ద్రవం అంచు సరిగా నిలవదు. నెమ్మదిగా దించి, వేళ్లతో ఒకసారి గిరగిర తిప్పి వదలండి, అంటుకున్న బుడగలు రాలిపోతాయి. ఒక్క బుడగ అంటుకుని ఉన్నా గొట్టం పైకి లేచి శాతం తక్కువ చూపిస్తుంది. కన్ను ద్రవం మట్టానికి దించి, అంచున పైకి పాకిన వంపుని కాకుండా అసలు మట్టాన్ని చదవండి. వెంటనే ఉష్ణోగ్రత చూడండి. చాలా మీటర్లు 20 డిగ్రీలకి గీసినవి, ఏ డిగ్రీకో కాడ లోపలి కాగితం మీద ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో 44 చూపిస్తే అసలు ఉన్నది 40 దగ్గర. 10 డిగ్రీల చల్లటి సీసాలో అదే స్పిరిట్ 36 చూపిస్తుంది. 40 శాతం చుట్టుపక్కల డిగ్రీకి 0.4 చొప్పున దిద్దుకోవాలి, తక్కువ శాతాల దగ్గర దిద్దుబాటూ తక్కువే. కొత్త మీటర్ కొన్నప్పుడు ముందు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి సున్నా వస్తోందో లేదో చూడండి. మీటర్ పగిలితే ఆ నమూనా పారబోయాల్సిందే, వడకట్టి తాగే ఆలోచన వద్దు.

ఇంట్లో పులియబెట్టే పానీయాలకి వాడేది వేరే గొట్టం, హైడ్రోమీటర్. ఇది స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత బరువో చూపిస్తుంది, నీళ్లలో 1.000. పులియకముందు ఒకసారి, పులిశాక ఒకసారి కొలిచి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి 131.25తో గుణిస్తే శాతం. 1.050 నుంచి 1.010కి దిగితే 0.040 × 131.25, అంటే 5.25. వైన్ స్థాయికి, 12 దాటాక, ఈ సూత్రం అర శాతం దాకా తక్కువ చూపిస్తుంది. పులిశాక తీసే నమూనాలో గ్యాసు ఉంటుంది. రెండు గ్లాసుల మధ్య పదిహేను ఇరవైసార్లు ఒంపి నురగ పోయాకే కొలవాలి. మధ్యలో పంచదార వేస్తే దాన్నీ లెక్కలో కలపాలి: లీటరుకి 10 గ్రాములు వేస్తే మొదటి గ్రావిటీకి 0.004 కలిపినట్టే. అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే ఇంట్లో చేసినవి అనుకున్నదానికంటే ఘాటుగా ఉంటాయి. ఎంత ఘాటుగా ఉండొచ్చో పైహద్దు తెలుసుకోవాలంటే, లీటరుకి 17 గ్రాముల పంచదార పూర్తిగా పులిస్తే దాదాపు 1 శాతం అవుతుంది. లీటరుకి 100 గ్రాములు వేస్తే 6 దగ్గర. సీసాలో పోశాక కూడా తీపి మిగిలి ఉంటే పులియడం ఆగదు, వారం కిందటి శాతం ఇవాళ్టిది కాదు.

మొదటి రీడింగ్ తీయడం మర్చిపోయారా? లేక ఎవరో ఇచ్చిన వైన్ ఎంత శాతమో తెలియాలా? దానికి మరిగించే పద్ధతి ఉంది, ఓపిక కావాలి. నమూనాలో గ్యాసు వదిలించి, 20 డిగ్రీల దగ్గర సరిగ్గా 200 మి.లీ. తీసుకుని గ్రావిటీ రాసుకోండి, ఉదాహరణకి 0.996. దాన్ని ఎలక్ట్రిక్ స్టవ్ మీద, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా, మూడో వంతుకి వచ్చేదాకా మరిగించండి. ఆల్కహాల్ పోతుంది, మిగతావన్నీ మిగులుతాయి. చల్లార్చి, గిన్నె గోడలకంటినదంతా కడిగి కలుపుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ సరిగ్గా 200 చేసి 20 డిగ్రీల దగ్గర కొలవండి. 1.009 వచ్చిందనుకుందాం. తేడా 0.013. ఒకటిలోంచి తీసేస్తే 0.987. ఆల్కహాలూ నీళ్లూ మాత్రమే ఉంటే ఆ గ్రావిటీ ఏ శాతానిదో చూడాలి: 0.9928 అంటే 5 శాతం, 0.9866 అంటే 10, 0.9812 అంటే 15. మనది 9.7 దగ్గర పడుతుంది. ఇందులో మెలిక ఏమిటంటే, గ్రావిటీలో 0.001 పొరపాటు చేస్తే ముప్పావు శాతం తేడా వస్తుంది. 0.002కి ఒక గీత ఉన్న మామూలు హైడ్రోమీటర్‌తో ఒక శాతం అటూఇటూగా తెలిస్తే అదే గొప్ప. మరిగేటప్పుడు పొంగిపోతే ఆ నమూనా పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టాలి. స్పిరిట్లతో ఈ పని ఎన్నడూ చేయొద్దు, ఆవిరి అంటుకుంటుంది.

కాంతి ఎంత వంగిందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ పులియకముందు తీపి చూడటానికి బాగుంటుంది. పులిశాక పంచదారా ఆల్కహాలూ రెండూ కాంతిని వంచుతాయి కాబట్టి దిద్దుబాటు లెక్క లేకుండా దాని అంకెకి అర్థం లేదు. వినోమీటర్ అనే సన్నగొట్టపు గరాటు, నన్నడిగితే, ఆటబొమ్మ.

గ్రాములు తెలిశాక ఒంట్లో ఏమవుతుందో అంచనా వేయడానికి విడ్‌మార్క్ సూత్రం ఉంది. గ్రాములని ఒంటి బరువుతో, ఆపైన మగవాళ్లకి 0.68తో, ఆడవాళ్లకి 0.55తో భాగించాలి. వచ్చినదాన్ని పదితో భాగిస్తే రక్తంలో శాతం. 40 గ్రాములు తాగిన 70 కిలోల మగమనిషికి 0.084. అవే 40 గ్రాములు 55 కిలోల ఆడమనిషికి 0.132. గంటకి దిగేది సుమారు 0.015, కొందరిలో 0.010 మాత్రమే. అంటే ఆయనకి అయిదున్నర గంటలు, ఆవిడకి దాదాపు తొమ్మిది. రాత్రి పన్నెండుకి ఆపిన మనిషి పొద్దున ఎనిమిదింటికి కూడా పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ, ఏదీ ఈ వేగాన్ని పెంచదు. ఈ లెక్క ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికే. బండి తీయొచ్చా అని తేల్చుకోవడానికి కాదు.

నోటితో ఊదే మీటర్లు కొంటే ఫ్యూయల్ సెల్ ఉన్నది తీసుకోండి, సెమీకండక్టర్‌వి సిగరెట్ పొగకీ ఇతర ఆవిరికీ తడబడతాయి. చివరి గుక్క తర్వాత పదిహేను నిమిషాలు ఆగాలి, లేకపోతే నోట్లో మిగిలిన మందునే కొలుస్తుంది. తాగిన అరగంటకి తక్కువ వచ్చిందని సంబరపడొద్దు, అసలు శిఖరం ఇంకా రాకపోయి ఉండొచ్చు.

ఇంతవరకూ చెప్పిన ఏ గొట్టమూ పట్టలేనిది ఒకటుంది: మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. మనం తాగే ఆల్కహాల్, అంటే ఇథనాల్ సాంద్రత 0.789, మిథనాల్‌ది 0.792. కల్తీ సారాలో ఆల్కహాల్ మీటర్ ముంచితే దర్జాగా 40 చూపిస్తుంది. వెలిగించి నీలిమంట వస్తే మంచిదని, పసుపు మంట వస్తే చెడ్డదని చెప్పుకునే పరీక్షలన్నీ వట్టివి, రెండిటి మంటా నీలమే, కలిసి ఉంటే తేడా అసలే కనపడదు. వాసనా రుచీ కూడా పట్టివ్వవు. దాన్ని తేల్చేది ప్రయోగశాలలోని గ్యాస్ క్రొమటోగ్రఫీ. కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందో తెలియని స్పిరిట్‌ని మీటర్‌తో పరీక్షించి తాగడం అనే మాటే లేదు.

మిథనాల్ తాగిన వెంటనే మామూలు మత్తులాగే ఉంటుంది. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చాకే అసలు విషం మొదలవుతుంది, అందుకు సాధారణంగా 12 నుంచి 24 గంటలు పడుతుంది, మామూలు మందు కూడా కలిసి ఉంటే ఇంకా ఆలస్యం. మర్నాడు చూపు మసకబారడం, మంచు కురుస్తున్నట్టు కనపడటం, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తే దాన్ని హ్యాంగోవర్ అనుకుని పడుకోబెట్టకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి "మిథనాల్ అయి ఉండొచ్చు" అని ఆ మాటే చెప్పండి. విరుగుడు మందు ఫోమెపిజోల్ గానీ వైద్యులు ఇచ్చే ఇథనాల్ గానీ, డయాలసిస్ గానీ ఎంత త్వరగా మొదలైతే చూపు దక్కే అవకాశం అంత ఎక్కువ. సీసాలో మిగిలింది పారబోయకండి, మూత పెట్టి వెంట తీసుకెళ్లండి. అదే సీసాలోంచి తాగిన మిగతావాళ్లకి ఇంకా ఏ బాధా మొదలవకపోయినా ఫోన్ చేసి ఆసుపత్రికి రమ్మనండి.